బిడ్డ చదువు ఒక్క చేతికి వేలాడరాదు

(బూర్గంపాడులో తల్లిదండ్రులు, జమాఅత్ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేదపిల్లలకు మన చిన్న బడిలో దాతల సహాయంతో చోటు కల్పించే విషయమై నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. మేము ఉపన్యాసకులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు మోసి, పింఛను పుచ్చుకొని, శేష జీవితం జమాఅత్ పనికి ఇద్దామనుకొన్నవారము. కనుక మా మాటలలో ఆవేశం తక్కువగా, లెక్కలు ఎక్కువగా ఉంటాయి. ఓర్చుకోగలరు. ‘మేము’ అంటున్నది పెద్దరికం కోసం కాదు. ఈ రిజిస్టర్లు చూసే నలుగురైదుగురి తరఫున మాట్లాడుతున్నాము. చేసిన మంచిలోనూ, చేసిన తప్పులలోనూ అందరికీ భాగమున్నది. ఈరోజు తప్పులతోనే ప్రారంభిస్తాము.

కొన్నేండ్ల క్రితం గల్ఫ్‌లో పనిచేస్తున్న ఒక సోదరుడు ఆరుగురు పిల్లల ఖర్చంతా తానే భరిస్తానని ముందుకు వచ్చాడు. మేము ఎంతో సంతోషించాము. ఆరు పేర్లు, ఆరు ఫోటోలు పంపించాము. ఆయన నెలనెలా తప్పకుండా డబ్బు పంపాడు. 2020లో కరోనా వచ్చింది. ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. అప్పు చేసి విమానమెక్కి ఇంటికి చేరుకున్నాడు. బడులు మళ్లీ తెరుచుకొనేనాటికి ఆ ఆరుగురి పేర్ల ఎదుట మా రిజిస్టరులో సున్న తప్ప మరేమీ లేదు. మేము అటూ ఇటూ తిరిగి నలుగురి ఫీజు సమకూర్చగలిగాము. మిగిలిన ఇద్దరిలో ఒక పిల్లవాడు సారపాకలో పంక్చర్ల దుకాణంలో చేరాడు. ఒక ఆడపిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకొని ఇంటివద్దనే ఉండిపోయింది. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సోదరుని తప్పు ఇందులో ఏమున్నది? ఆయన ఇప్పటికీ మాకు కనబడినప్పుడు తల వంచుకుంటాడు. తల వంచుకోవలసినది మేము. ఆరుగురు బిడ్డల చదువును తీసుకొనిపోయి ఎక్కడో సముద్రాలకు ఆవల ఉన్న ఒక మనిషి ఉద్యోగానికి కట్టివేశాము. ఆ ఉద్యోగం తెగితే ఏమిటని ఒక్కనాడూ ఆలోచించలేదు.

రెండవ తప్పు ఇంకా చిన్నదిగా కనబడుతుంది. ఒక సంవత్సరం రంజాన్ మాసంలో సభ పెట్టి, పదిమంది పిల్లలను వరుసగా నిలబెట్టి, దాతల చేతులమీదుగా పుస్తకాలు, సంచులు ఇప్పించాము. ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి. మర్నాడు మూడో తరగతి అమ్మాయి ఒకరు బడికి రాలేదు. రెండు వారాలైనా రాలేదు. మా ఇంటి ఆడవారు వెళ్లి అడిగితే, తోటి పిల్లలు తనను ‘జకాత్‌వాలీ’ అని పిలుస్తున్నారని ఏడ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల. ఆ సంచి కొత్తది, బొమ్మలున్నది, ఒక్కసారి కూడా భుజాన వేసుకోలేదు. ఆనాటినుండి మా బడిలో సంచులు పంచే సభ జరుగలేదు. దాతలు కొందరు అలిగారు. అలగనిచ్చాము.

ఈ రెండు తప్పులకు మూలం ఒక్కటేనని మాకు తరువాత అర్థమైంది. ఒక బిడ్డను ఒక దాతకు అప్పగించడమే ఆ మూలం. అప్పగించినప్పుడు ఆ దాత ఆపితే చదువు ఆగుతుంది. ఆపకపోతే ఆ బిడ్డ ఆయన ఎదుట జీవితాంతం వంగి నిలబడుతుంది. ‘వాణ్ణి నేనే చదివించాను’ అనే మాటను మంచి ఉద్దేశంతోనే అంటారు. కాని ఆ మాట వినే బిడ్డ మనసు ఎవరు చూశారు?

ఇక్కడ కొందరు యువకులు న్యాయంగానే ఒక ప్రశ్న వేస్తారు. ప్రభుత్వ బడి ఉండగా ఫీజు పెట్టి చదివించే చిన్న బడి ఎందుకు, దానికి దాతలు ఎందుకు అని. ప్రభుత్వ బడి మన హక్కు. ఆ హక్కును వదులుకోమని మేము ఎవరికీ చెప్పము. మధ్యాహ్న భోజనం, ఉచిత పాఠ్యపుస్తకాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉన్నారు. మన పిల్లలలో అక్కడ చక్కగా చదువుకొంటున్నవారు కూడా ఉన్నారు. అయితే ఇంటిలో ఉర్దూ తప్ప మరొకటి వినని బిడ్డ ఒకటో తరగతిలో కూర్చొని, వాచకంలోని తెలుగు తలకెక్కక, మూడు నెలలకే మూలన చేరడం మనం చూస్తున్నదే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. అది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. చేరినప్పటినుండి నేటివరకు ఎన్ని మారుమూల మండలాలలో ఉర్దూ ఉపాధ్యాయుడు నియమింపబడ్డాడో మీకే తెలుసు. ఆ ఉపాధ్యాయుణ్ణి అడుగుతూనే ఉండాలి, దరఖాస్తులు పెడుతూనే ఉండాలి. కాని దరఖాస్తుకు జవాబు వచ్చేలోపల బిడ్డ వయస్సు ఆగదు. మన బడి ఆ మధ్య కాలానికి వేసిన కాలిబాట వంటెన. నర్సరీ నుండి నాలుగో తరగతి వరకు ఉర్దూ అక్షరాలు, తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు, లెక్కలు, కొద్దిగా దీనియాత్. అంతే.

నాలుగుతో ఎందుకు ఆపామంటే, దానికొక కారణమున్నది. తెలంగాణ ప్రభుత్వం 2016లో 71 మైనారిటీ గురుకుల పాఠశాలలను ప్రారంభించింది. తరువాత అవి 204కు పెరిగాయి. వాటిలో ప్రవేశం ఐదవ తరగతినుండి. అక్కడ వసతి, భోజనం, చదువు అన్నీ ఉచితం. అంటే పేదబిడ్డ ఐదవ తరగతి గుమ్మం వరకు చేరుకోగలిగితే, ఆపైన ప్రభుత్వం భారం మోస్తుంది. కాని అక్షరం రాకుండా ఆ గుమ్మం దాటిన బిడ్డ అక్కడ నిలువలేడు. వెళ్లినవారిలో కొందరు మొదటి దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ పోలేదని మాకు తెలుసు. కనుక మనం మోయవలసినది పదేండ్ల చదువు కాదు. నాలుగైదేండ్లు. కాని ఆ నాలుగైదేండ్లు మధ్యలో తెగకుండా మోయాలి. ఒక ఏడాది కట్టి, రెండో ఏడాది మానివేసే సహాయం కంటె మొదలే ఇవ్వకపోవడం మేలని మేము అనము గాని, ఆ తెగిన ఏడాది బిడ్డను ఎక్కడికి తీసుకుపోతుందో చూశాము.

తెగే సందర్భాలు మన ప్రాంతంలో తక్కువా? ఒకవైపు గోదావరి, ఒకవైపు కిన్నెరసాని. 1986 వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరిందని మా తరం వారికి గుర్తే. 2022 జులై 16న 71.3 అడుగులకు వచ్చింది. 53 అడుగులు దాటితేనే మూడవ ప్రమాద హెచ్చరిక. ఆపైన ఇంకా 18 అడుగుల నీరంటే మన ఇండ్లలో ఎక్కడివరకు నిలిచిందో ఈ గోడలమీది మరకలు చెబుతాయి. ఆ ఏడు బడి తెరిచి నెల తిరక్కుండానే పునరావాస కేంద్రాలలో పడుకొన్నాము. తిరిగి వచ్చి చూస్తే కుట్టు మిషన్లు, వెల్డింగ్ సామాను, తోపుడుబండ్లు, దుకాణాలలో సరుకు, అన్నీ బురద. ఆ ఏడాది ఫీజులు కట్టగలిగే ఇండ్లు కూడా పేద ఇండ్లయిపోయాయి. స్థానికంగా మాకు నెలనెలా ఇచ్చే దాతలు తామే సహాయం కోసం వరుసలో నిలబడ్డారు. దాత, గ్రహీత అనే గీత గోదావరి ఒక్క రాత్రిలో చెరిపివేసింది. ఇక వేసవి వస్తే మిర్చి ఏరడానికి తల్లులు పోతారు, వెంట పిల్లలు పోతారు. జనవరి నుండి హాజరు పట్టీ చూస్తే పంట ఎక్కడ కోతకు వచ్చిందో చెప్పవచ్చు.

మరి ఎవరు ఎలా చేశారు? మనకంటె ముందు ఈ చిక్కు ఎదుర్కొన్నవారు లేరా?

మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలో సుఫ్ఫా అనే అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని విద్యార్థులు అక్కడ ఉండి చదువుకొనేవారు. వారిని సహాబాలు తలా ఇద్దరినో ముగ్గురినో భోజనానికి ఇంటికి తీసుకొనిపోయేవారు. ఒక్క ధనికుడు అందరినీ పోషించిన కథ కాదది. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విముక్తి ధనం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసిమంది పిల్లలకు రాయడం నేర్పితే విడుదల చేశారన్న సంగతి మన ఆలిములు ఎన్నోసార్లు చెప్పారు. చదువు ఖరీదు అంతటిదని అప్పుడే లెక్క కట్టారు.

దగ్గరి కాలానికి వద్దాము. 1866లో దేవబంద్‌లో దారుల్ ఉలూమ్ మొదలైనప్పుడు మౌలానా ఖాసిం నానౌతవీ రాసిపెట్టిన సూత్రాలలో ఒకటి మాకు ఎంతో నచ్చుతుంది. సర్కారు సొమ్ముమీదగానీ, ధనికుల స్థిరమైన ఆదాయంమీదగానీ ఆధారపడవద్దని, సామాన్యుల చందాలలోనే బరకత్ ఉన్నదని దాని భావం. సర్ సయ్యద్ నడిపిన అలీగఢ్ దారి వేరు, దేవబంద్ దారి వేరు. కాని పేద విద్యార్థి సంగతి వచ్చేసరికి అలీగఢ్ విద్యార్థులూ అదే చేశారు. 1890లో సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ చొరవతో అక్కడ ‘అంజుమనుల్ ఫర్జ్’ ఏర్పడింది. ఇంగ్లీషులో దానిని డ్యూటీ సొసైటీ అన్నారు. చదువుకొంటున్న పిల్లలే తమతోటి పేద విద్యార్థుల కోసం చందాలు పోగుచేశారు. పేరు గమనించండి. దయ సంఘం అనలేదు, దాన సంఘం అనలేదు. ఫర్జ్ అన్నారు.

మా మనసుకు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది లాహోరు సంగతి. 1884లో అక్కడ అంజుమనె హిమాయతె ఇస్లాం స్థాపితమైంది. వారు నడిపినవాటిలో బాలికల బడులున్నాయి, అనాథాశ్రమమున్నది. డబ్బు ఎక్కడిది? ఇంటింటా స్త్రీలు రొట్టెలకు పిండి తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కకు తీసి కుండలో వేసేవారు. అంజుమన్ కార్యకర్తలు తిరిగి ఆ పిండి పోగుచేసి, అమ్మి, ఆ సొమ్ము బడికి వాడేవారు. పిడికెడు పిండి ఇచ్చిన తల్లికి ఏ బిడ్డ చదువుతున్నదో తెలియదు. చదివిన బిడ్డకు ఎవరి పిండితో చదివిందో తెలియదు. ఇచ్చేవారి చేయి ఒక్కటి ఆగిపోయినా కుండ నిండడం ఆగదు.

హైదరాబాద్ పాతబస్తీ సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2000 సంవత్సరంలో ఇంగ్లాండుకు చెందిన జేమ్స్ టూలీ అనే విద్యావేత్త చార్మినార్ వెనుక సందులలో తిరిగి, రెండు మూడు గదుల చిన్న బడులు ఎన్నెన్ని ఉన్నవో చూసి ఆశ్చర్యపడ్డాడు. తరువాత దానిమీద పుస్తకం రాశాడు. ప్రైవేటు చదువే అన్నిటికీ మందు అన్నట్లు సాగే ఆయన వాదనతో మాకు ఏకీభావం లేదు. కాని ఆయన చూసినది మాత్రం నిజం. ఆ బడుల యజమానులు తామే అంతంత మాత్రం మనుషులైనా, తండ్రిలేని పిల్లలకు, మరీ పేదవారికి ఫీజు లేకుండానో, తగ్గించో చోటు ఇస్తున్నారు. రికార్డులో ఎక్కడా కనబడదు. మిగతా పిల్లల ఫీజులో నుంచే అది సర్దుకుంటారు. మన బడిలోనూ టీచరమ్మలు జీతం ఆలస్యమైనా నోరెత్తకుండా పాఠం చెప్పిన నెలలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే మన పేదపిల్లలకు అసలు దాతలు వారే. వారిచేత ఆ దానం మనం బలవంతంగా చేయిస్తున్నాము. అది ఆగాలి.

ఇక లెక్కకు వద్దాము. ఒక బిడ్డకు నెలకు 600 చొప్పున పది నెలలకు 6,000 రూపాయలు. పుస్తకాలు, బట్టలు, చెప్పులు కలిపి 2,500. మొత్తం 8,500. ఇరవైమంది పిల్లలను తీసుకుందాము. 1,70,000 రూపాయలు. ఒక్క మనిషిని అడిగితే పెద్ద మొత్తం. 170 ఇండ్లను అడిగితే ఇంటికి ఏడాదికి వెయ్యి, నెలకు 85 రూపాయలకు లోపే. ఇప్పుడు లాహోరు తల్లుల పిడికిలిని మన బియ్యం డబ్బాలో పెట్టి చూడండి. పూటకు ఒక పిడికెడు, సుమారు 50 గ్రాములు. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు మూడు కిలోలు. కిలో 40 రూపాయలకు లెక్క వేసినా 120 రూపాయలు. అయితే ఒక జాగ్రత్త. రేషను బియ్యం పోగుచేసి అమ్మడం నేరం. సర్వీసులో ఉండగా అటువంటి కేసుల కాగితాలు చూసినవారము కాబట్టి చెబుతున్నాము. కనుక బియ్యం తీయకండి. రోజుకు ఆ రెండు పిడికెళ్ల బియ్యం విలువ, నాలుగు రూపాయలో ఐదు రూపాయలో, వంటింటి డబ్బాలో వేయండి. నెలకొకసారి మహిళా సభ్యులు వచ్చి తీసుకొంటారు. వేయలేని నెల వేయవద్దు. ఎవరూ అడుగరు.

జకాత్ విషయంలో చాలామందికి సందేహాలు ఉన్నాయి. ఉలమాలు వేదికమీదనే ఉన్నారు, మేము తప్పు చెబితే సవరించగలరు. 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొమ్ము, అప్పులు పోగా, ఏడాదిపాటు మిగిలినవారిపై రెండున్నర శాతం. లక్షకు 2,500. ఇది మన దయ కాదు, అందులో పేదవానికి హక్కున్నది. హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని యాజమాన్యంలోకి పోవాలి. దీనినే తమ్లీక్ అంటారు. కనుక జకాత్‌తో గోడలు కట్టరాదు, టీచర్ల జీతాలు ఇవ్వరాదు. ఈ నియమాన్ని కొందరు అడ్డంకి అనుకొంటారు. మాకు మాత్రం అది తప్పు దిద్దుకొనే దారి చూపించింది. ఇప్పుడు మేము చేస్తున్నది ఇది. జకాత్‌కు అర్హమైన ఇంటిలో ఫీజు సొమ్మును తల్లి చేతిలోనో, తండ్రి చేతిలోనో పెడతాము. ఆ సొమ్ము వారిది. వారే బడికి వచ్చి, మిగతా తల్లిదండ్రులతోపాటు వరుసలో నిలబడి, కట్టి, రశీదు తీసుకొంటారు. రశీదుమీద దాత పేరు ఉండదు. తల్లి పేరు ఉంటుంది. మొదటిసారి రశీదు అందుకొన్న ఒక తల్లి దానిని నాలుగు మడతలు పెట్టి కొంగుకు కట్టుకొన్నది. ఆ తల్లి చదువు రానిది. కాని ఆ కాగితం ఏమిటో ఆమెకు తెలుసు.

ఆ సొమ్ము వేరే ఖర్చుకు పోతుందని భయపడినవారు ఉన్నారు. మొదటి ఏడు ఇద్దరి విషయంలో అలాగే జరిగింది. ఒక ఇంటిలో జ్వరం, ఒక ఇంటిలో అద్దె బకాయి. ఆ రెండూ అబద్ధపు అవసరాలు కావు. సదఖా ఖాతా నుండి సర్దాము. ఇందుకోసమే రెండు ఖాతాలు ఉండాలని మేము పట్టుబడుతున్నాము. జకాత్ ఖాతా ఏ ఏడాదిది ఆ ఏడాది పంచివేయాలి. సదఖా, ఇమ్దాద్ ఖాతా వేరు. అందులో ఎప్పుడూ ఒక ఏడాది ఫీజులకు సరిపడే నిల్వ ఉండాలి. గోదావరి వచ్చినా, గల్ఫ్ కంపెనీ మూతబడినా ఆ ఏడాది గడవాలి. పెద్ద మొత్తం ఇవ్వదలచిన సోదరులను మేము కాదనము. వారి సొమ్ము ఆ నిల్వలోకి పోతుంది. బిడ్డ పేరు మాత్రం చెప్పము. ఫోటో పంపము. లెక్క అడిగితే పైసాతో సహా చూపిస్తాము.

ఎవరు పేదవారు అని తేల్చడం అన్నిటికంటె కష్టమైన పని. గతంలో నమాజు తరువాత నలుగురిలో పేర్లు చదివేవారము. అది ఘోరమని ఇప్పుడు తెలుసు. ఇప్పుడు ఇద్దరు స్త్రీలు ఇంటికి వెళ్లి, టీ తాగి, మాట్లాడి వస్తారు. పక్కా ఇల్లు ఉన్నది కదా అని ఒక వితంతువు పేరు కొట్టివేయబోయాము. ఆ ఇంటిలో పొయ్యి రోజుకు ఒక్కసారే వెలుగుతున్నదని వెళ్లి చూసినవారే చెప్పారు.

మరొక మాట. మన బడిలో కొంతమంది కోయ పిల్లలు, దళిత కుటుంబాల పిల్లలు ఉన్నారు. మన వీధికి ఆనుకొన్న వీధుల వారే. మన సహాయం వారికి ఎందుకని కొందరు, సభలో కాదుగాని టీ దుకాణం దగ్గర, అడిగినట్లు విన్నాము. జకాత్ విషయంలో ఉలమాలు చెప్పిన హద్దు పాటిస్తున్నాము. కాని సదఖాకు ఆ హద్దు లేదు. వరదలో మన పిల్లలను పడవ ఎక్కించినవారు ఎవరో మరిచిపోయే జాతి కాకూడదు మనది. 1895లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే సరోజినీదేవి ఇంగ్లాండుకు వెళ్లి చదువుకొన్నది. ఆమె మతం ఏమిటని ఆయన అడుగలేదు. మైనారిటీ గురుకులాలలోనూ నాలుగోవంతు సీట్లు ఇతర వర్గాల పిల్లలకు ఉన్నాయి.

దీనితోనే హక్కుల విషయం ముడిపడి ఉన్నది. మనకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు నాలుగోవంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. అయితే ప్రమతి కేసులో 2014లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు వలన మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదు. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మైనారిటీ పాఠశాలల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతమేనని జాతీయ బాలల హక్కుల సంఘం 2021లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ఉద్దేశాలపై మనకు అభ్యంతరాలు ఉండవచ్చు, ఉన్నాయి కూడా. కాని ఆ అంకె మన ముఖంమీద వేసిన ప్రశ్న. చట్టం అడుగకపోతే పేదబిడ్డకు మనం చోటు ఇవ్వమా? 30వ అధికరణం కోసం నగరాలలో ఊరేగింపులు తీసే పెద్ద సంస్థలు తమ బడులలో ఎందరు రిక్షావాలా పిల్లలున్నారో ముందు లెక్క చెబితే, మన వాదనకు కోర్టులోనూ బలం, బజారులోనూ బలం.

ప్రభుత్వం బాధ్యత నుండి తప్పుకొన్న చోటును కూడా చెప్పకతప్పదు. 2006లో సచార్ కమిటీ మన పిల్లలలో 6 నుండి 14 ఏండ్ల వయస్సువారు నూటికి 25 మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానినవారో అని తేల్చింది. ఆ తరువాత 2008లో మైనారిటీ విద్యార్థులకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఒకటి నుండి ఐదు తరగతులకు ఏడాదికి వెయ్యి రూపాయలే. చిన్న మొత్తమే. కాని ఆ వెయ్యితో చెప్పులు, పలకలు, నోటు పుస్తకాలు వచ్చేవి. 2022లో విద్యాహక్కు చట్టం ఉన్నది కదా అని చెప్పి ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఆపివేశారు. తొమ్మిది, పది తరగతులకే మిగిల్చారు. ఎనిమిదిలోపు మానివేసే బిడ్డకు తొమ్మిదిలో ఇచ్చే స్కాలర్‌షిప్ ఎందుకని అడుగుతూ ఈ ఊరినుండి పోయిన వినతిపత్రంమీద మీరందరూ సంతకాలు పెట్టారు. మళ్లీ పెట్టించుకొంటాము. మన డబ్బాలోని నాలుగు రూపాయలు ఆ అడుగడాన్ని మాన్పించడానికి కాదు.

చివరగా, గుమాస్తా బుద్ధి ఎక్కడికీ పోదు, కాగితాల సంగతి. బిడ్డను చేర్చేనాడే పేరు సరిగా రాయించండి. ఒకచోట షేక్, ఒకచోట షైక్, ఇంకొకచోట ఎస్‌కె అని ఉంటే, బీసీ-ఇ ధ్రువపత్రానికీ గురుకుల దరఖాస్తుకూ పోయినప్పుడు ఆ ముగ్గురూ ఒక్క బిడ్డేనని రుజువు చేయడానికి మీ కూలి దినాలు పోతాయి. మన బడి పాత రిజిస్టరులో సగంమంది పిల్లలు జూన్ 1నే పుట్టారు. గోదావరి మండలాలలో ఆ రోజే కానుపులన్నీ జరిగాయా? పుట్టిన తేదీ పత్రం లేకపోతే ముందు మాకు చెప్పండి, కలిసి పోయి తీసుకొందాము. వరదలో కాగితాలు పోయినవారికి నకళ్లు తీయిస్తున్నాము, ఇంకా పదకొండు ఇండ్లవి మిగిలాయి. 2014లో ఈ మండలం నుండి ఆంధ్రప్రదేశ్‌కు పోయిన ఇబ్రహీంపేట, రావిగూడెం వంటి ఊళ్ల బిడ్డలు మన బడికి వస్తే సంతోషమే. కాని వారి ఆదాయ ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయం ఒక రాష్ట్రంలో, చదివే బడి మరొక రాష్ట్రంలో. నాలుగో తరగతి వచ్చేదాకా ఆగకుండా, చేరిన ఏడాదే వారి విషయం కూర్చొని మాట్లాడుకోవాలి.

వంటింటి డబ్బాలు తలుపు దగ్గర ఉన్నాయి. పేర్లు రాయలేదు, నంబర్లు కూడా వేయలేదు. తీసుకొనదలచినవారు పోతూ తీసుకొనిపోవచ్చు. రెండు ఖాతాల లెక్క ప్రతి నెలా రెండవ జుమా తరువాత చదువుతాము. పంక్చర్ల దుకాణంలో చేరిన పిల్లవాడికి ఇప్పుడు పన్నెండేండ్లు. వాని తండ్రితో నిన్న మాట్లాడాము. రాత్రిపూట అయితే పంపిస్తానన్నాడు. రాత్రిపూట గంటసేపు పాఠం చెప్పగల యువకులు ఈ సభలో ఎవరైనా ఉంటే, ఇషా తరువాత ఆగి మమ్మల్ని కలువగలరు.